తూకం వేసి కొన్న మదర్‌బోర్డు

మంచి మదర్‌బోర్డు ఎలా ఎంచుకోవాలని ఎవరైనా అడిగితే, చేతిలోకి తీసుకుని బరువు చూడమంటాను. జోక్ అనుకుని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ అది జోక్ కాదు. జగ్గయ్యపేటలో ఇరవై రెండేళ్ళు కంప్యూటర్ల షాపు నడిపి, బీఎస్సీ ఫిజిక్స్ పట్టాను కౌంటర్ వెనక గోడకు తగిలించుకుని, చివరికి నేను నేర్చుకున్న అతి ముఖ్యమైన సాంకేతిక విషయం ఇదే. అది కూడా స్టీలు సామాన్ల మధ్య పెరిగిన మనిషి దగ్గర నేర్చుకున్నాను.

ఇప్పుడు షాపు నా చేతిలో లేదు. సాయంత్రం అటువైపు వెళ్తే ఒక కుర్చీ వేసి టీ ఇస్తారు. రిటైర్మెంటు అంటే మా వృత్తిలో అంతే. అక్కడ పనిచేసే కొత్తవాళ్ళు ఫోనులో రివ్యూలు చూసి బోర్డులు ఎంచుతుంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. రివ్యూలో ఉండని సంగతి ఒకటుంది.

ముందు ఓవర్‌క్లాకింగ్ గురించి రెండు మాటలు. ప్రాసెసర్‌ని కంపెనీ చెప్పిన వేగం కంటే ఎక్కువ వేగంతో పరిగెత్తించడాన్ని అలా అంటారు. మా ఊళ్ళో దానికి గిరాకీ లేదు. సిమెంటు లారీల వేబిల్లులు కొట్టే కంప్యూటర్‌కి తొందరేముంటుంది? మా సర్వీసులో సగం సిమెంటు దుమ్ము ఊదడమే. ఈ ఇరవై రెండేళ్ళలో ఓవర్‌క్లాకింగ్ కావాలని మా షాపు మెట్లెక్కిన మనిషి ఒక్కరే. ఆయన నందిగామ నుంచి బస్సులో వచ్చారు. కంప్యూటర్ కేబినెట్‌ని కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి, దానికి కూడా టికెట్టు తీసుకుని వచ్చారు. అక్కడే నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

ఆయన్ని నందిగామలో అందరూ భాయ్ అనే అంటారు. పొద్దునా సాయంత్రం స్కూలు వ్యాను నడుపుతారు. మధ్యలో మేడ మీద గదిలో పాటలు రికార్డు చేస్తారు. పెళ్ళి పాటలు, అయ్యప్ప భజనలు, దర్గా పాటలు, ఎన్నికలొస్తే అన్ని పార్టీల పాటలు. కుర్రతనంలో పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన చేతులవి.

"సార్, దీని స్పీడు పెంచాలండి," అన్నారు కేబినెట్ కౌంటర్ మీద పెట్టి.

"ఎంత పెంచాలి?"

"ఎంతైతే అంతండి."

"ఎందుకో?"

"మా గురువుగారికి ఎకో కావాలండి."

నా సర్వీసులో ఇంత స్పష్టమైన ఫిర్యాదు ఎప్పుడూ వినలేదు. కూర్చోబెట్టి టీ చెప్పాను. టీ వచ్చేలోపు అసలు సంగతి బయటపడింది.

గురువుగారిది చందర్లపాడు. యాభై ఏళ్ళు రాజు వేషాలు కట్టి, మైలు దూరం వినబడేలా పద్యాలు పాడిన మనిషి. గొంతులో చిన్న గడ్డ తేలింది. వచ్చే గురువారం బెజవాడలో ఆపరేషను. మాట వస్తుందని డాక్టరు హామీ ఇచ్చాడు. పాట సంగతి అడిగితే, ముందు మాట రానివ్వండి అన్నాడట. అంతవరకూ రోజుకు ఒక గంటకు మించి గొంతు వాడొద్దన్నాడు. యాభై ఏళ్ళలో ఆయన పాడింది ఎవరూ సరిగా రికార్డు చేయలేదు. ఆపరేషను లోపు ఎనిమిది పద్యాలు పట్టుకోవాలన్నది భాయ్ పట్టుదల.

"పాడించి చూశారా?"

"చూసానండి. హెడ్‌ఫోన్లు పెట్టా. రెండు ముక్కలు పాడి తీసేశారు. 'ఏవిట్రా ఇది, బావిలో మూత పెట్టినట్టుంది, నా గొంతు నాకు తిరిగి రావట్లేదు' అన్నారు. స్టేజీ మీద మైకుసెట్టు ఎకో అలవాటండి. అది చెవిలో పడితేగానీ రాగం లేవదు."

కాబట్టి పాడుతుండగానే ఎకో కలిసి చెవిలో పడాలి. మాట మైకులోంచి కంప్యూటర్‌లోకి వెళ్ళి, ఎకో కలుపుకుని, రెప్పపాటు కంటే ముందే హెడ్‌ఫోన్‌లోకి తిరిగి రావాలి. ఆలస్యమైతే పాడేవాళ్ళు తడబడతారు. ఆలస్యం తగ్గిస్తే ప్రాసెసర్ తడబడుతుంది. పని అందుకోలేక, నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటమంటుంది. భాయ్ కంప్యూటర్ సరిగ్గా ఆ ఆవాల దగ్గర ఆగిపోయింది.

విప్పి చూశాను. ప్రాసెసర్ వేగం పెంచుకోవడానికి వీలున్న రకమే. ఉన్న బోర్డే ఆ వీలు ఇవ్వని రకం. తాళం తీసిన ఇంట్లో గేటు మూసినట్టు. బోర్డు ఒక్కటి మారిస్తే చాలు. ఆ క్షణాన నాకు కలిగిన సంతోషం ఒక షాపు యజమానికి తగినది కాదు. ఇరవై ఏళ్ళుగా దుమ్ము ఊదుతున్న మనిషికి ఓవర్‌క్లాకింగ్ చేసే అవకాశం వచ్చింది, అది కూడా ఒక రాజు కోసం. టీ చల్లారిపోయిందని భాయ్ గుర్తు చేశారు.

మా షాపులో సగం వాటాదారు గురించి ఇక్కడ చెప్పాలి. నేను శెట్టిగారు అంటాను. వాళ్ళది నాలుగు తరాల స్టీలు సామాన్ల వ్యాపారం. కంప్యూటర్ ఆన్ చేయడం ఆయన ఎప్పుడూ నేర్చుకోలేదు, అవసరం పడలేదన్నారు. కానీ షాపులోకి వచ్చే ప్రతి సరుకునూ అరచేతిలో పెట్టుకుని, కళ్ళు సగం మూసి, రెండుసార్లు పైకీ కిందకీ ఆడించేవారు. గిన్నె మందం అలా చూస్తారట. కీబోర్డులు, మౌసులు, చివరికి సాఫ్ట్‌వేర్ సీడీలు కూడా ఆ పరీక్ష పాసవ్వాల్సిందే.

బెజవాడ డీలర్‌ని అడిగితే మర్నాటి బస్సులో రెండు బోర్డులు పంపాడు. నచ్చింది ఉంచుకుని రెండోది తిరిగి పంపమన్నాడు. మొదటిది అందగత్తె. అంచుల చుట్టూ రంగుల దీపాలు, ప్రాసెసర్ చోటు పక్కన నల్లటి కవచం, డబ్బా మీద ఎగిరే డేగ. రెండోది గవర్నమెంటు ఆఫీసు బల్లలా ఉంది. దీపాల్లేవు, డేగ లేదు. ప్రాసెసర్ పక్కన బూడిదరంగు లోహపు దిమ్మలు రెండు కూర్చున్నాయి.

నేను శాస్త్రీయంగా ఆలోచించాను. రెండూ వేగం పెంచనిస్తాయి. మొదటి దాని డబ్బా మీద రాసిన వేగం ఎక్కువ. సెట్టింగుల పేజీ ముచ్చటగా ఉంది. రెండూ సమానమైనప్పుడు అందమైనదాన్ని ఎంచుకోవడంలో తప్పేముంది?

శెట్టిగారు రెంటినీ రెండు అరచేతుల్లో పెట్టుకుని కళ్ళు సగం మూశారు.

"ఇది పలచగా ఉందండి," అన్నారు డేగని చూపించి. "రెండోది తీసుకోండి. అడుగు మందంగా ఉంది."

"శెట్టిగారూ, ఇది పప్పు గిన్నె కాదండి."

"పొయ్యి మీద పెట్టేదేగా?"

"పొయ్యి మీద పెట్టరండి."

"వేడెక్కుద్దా, ఎక్కదా?"

"ఎక్కుతుంది."

"మరింకేవండి."

నేను గోడ మీద పట్టా వైపు ఒకసారి చూశాను. ఆయన కూడా చూశారు. డేగనే బిగించాను.

మా షాపులో ఏసీ కింద మూడు గంటలు దాన్ని పరిగెత్తించాను. వేగం మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోతే, ప్రతి మెట్టు దగ్గరా తెర ఆగిపోతుందేమోనని గుండె ఆగేది. తెర ఆగలేదు. గుండె కూడా. శనివారం నందిగామ తీసుకెళ్ళి భాయ్ గదిలో పెట్టాం. భాయ్ స్వయంగా పాడారు, ఎకో వచ్చింది, చిటపట లేదు. ఆయన భార్య తలుపు దగ్గర నిలబడి విని, "మీ పాటకి కూడా పనిచేసిందంటే గట్టిదేనండి," అంది. ఆ రోజు ఫ్యాను తిరుగుతోంది, తలుపు తీసి ఉంది. ఈ రెండు ముక్కలూ గుర్తుంచుకోండి. ఆ రోజు నేను గుర్తుంచుకోలేదు.

సోమవారం పొద్దున పదికల్లా నందిగామ చేరాను. శెట్టిగారు కూడా వచ్చారు. రెండో బోర్డు తిరిగి ఇవ్వడానికి ఆయన బెజవాడ వెళ్తూ, దారిలో ఒక్క పద్యం విని పోతానని దిగారు. బోర్డు ఆయన ఒళ్ళో, చేతిసంచిలో ఉంది. పద్యం వినేటప్పుడు కూడా కింద పెట్టలేదు.

భాయ్ గది గురించి చెప్పకపోతే తరవాతి కథ అర్థం కాదు. గోడలకు పాత దూది పరుపులు, వాటి మీద ఖాళీ మిర్చి గోతాలు. శబ్దం బయటికి పోదు, లోపలికి రాదు. గోతాలు ఉతక్కుండా కట్టిన కొత్తలో పెళ్ళి పాటల మధ్య తుమ్ములు కూడా రికార్డయ్యాయట. కిటికీకి కూడా పరుపే. అది మే నెల.

గురువుగారు ఆటోలో దిగారు. ఎర్ర పట్టు ఉత్తరీయం, కళ్ళకు కాటుక, నుదుట నిలువు బొట్టు, చేతిలో అట్టపెట్టె. పెట్టెలోంచి కిరీటం తీసి పెట్టుకున్నారు.

"గురువుగారూ, ఇక్కడ కెమేరా లేదండి," అన్నారు భాయ్.

"కెమేరా కోసం ఎవడు పెట్టుకున్నాడ్రా? తల మీద ఇది లేకపోతే గొంతులోకి రాజు దిగడు."

కిరీటం మీద హెడ్‌ఫోన్లు పట్టలేదు. నలుగురం నాలుగు రకాలుగా ప్రయత్నించాం. చివరికి రాజుగారు రాజీ పడి, కిరీటం ఒళ్ళో పెట్టుకుని, హెడ్‌ఫోన్లు తలకు పెట్టుకున్నారు.

"ముందే చెప్తున్నా. రీటేకులంటారట, అవి నాకు పడవు," అన్నారు నావైపు తిరిగి. "పద్యం ఒక్కసారే. స్టేజీ మీద మళ్ళీ మొదలెట్టిన రాజుని నేను చూళ్ళేదు. గొంతు కూడా ఇప్పుడు పొదుపు మీద ఉంది."

తలుపు మూశారు. ఫ్యాను ఆపారు. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుంది కదా. భాయ్, నేను కూడా చెరో హెడ్‌ఫోన్ తగిలించుకున్నాం. నేను, శెట్టిగారు గోడకు ఆనుకుని కూర్చున్నాం. యుద్ధానికి బయల్దేరే ముందు రాజు పాడే పద్యం ఎత్తుకున్నారు.

ఆ గొంతు గురించి నాకు రాయడం చేతకాదు. మొదటి పాదంలో పరుపులు కదిలాయనిపించింది. రెండో పాదానికి శెట్టిగారు సంచిని గుండెకు హత్తుకున్నారు. హెడ్‌ఫోన్‌లో ఎకో పడగానే ముసలాయన ముఖం మారిపోయింది. వెన్ను నిటారైంది, చెయ్యి గాల్లోకి లేచింది. ఎదురుగా మూడువేల మంది ఉన్నట్టే చూస్తున్నారు. ఎదురుగా ఉన్నది మిర్చి గోతాలు. తెర మీద గీత ఉప్పొంగుతోంది. నేను పెంచిన వేగం మీద ఒక రాజు స్వారీ చేస్తున్నాడన్న గర్వంతో నాకు చెమటలు పట్టాయి. నిజానికి చెమటలు గర్వం వల్ల కాదు. గది పొయ్యిలా ఉంది.

నాలుగో పాదం చివర దీర్ఘరాగం తీశారు. అది పైపైకి పోతోంది, ఇంకా పోతోంది. అక్కడ వినబడింది. చిట. పట.

భాయ్ నావైపు చూశారు. నేను తెర వైపు చూశాను. ప్రాసెసర్ వేగం సగానికి పడిపోయింది. రాగం శిఖరం మీద ఉండగా ఆవాలు పేలుతూనే ఉన్నాయి. గురువుగారు మాత్రం ఆగలేదు. రాగాన్ని నింపాదిగా కిందికి దింపి, శ్రుతిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తీశారు.

"వచ్చిందిరా?"

"బ్రహ్మాండంగా వచ్చిందండి," అన్నారు భాయ్. గురువుగారి దగ్గర ఆయన ఆడిన మొదటి అబద్ధం అదేనని తరవాత చెప్పారు. వెంటనే రెండోది కూడా ఆడేశారు. "కరెంటోళ్ళు లైను మారుస్తున్నారటండి. ఒక గంట కింద చల్లగా కూర్చుందాం."

భాయ్ భార్య ఆయన్ని కిందికి తీసుకెళ్ళి, గోరువెచ్చగా సేమ్యా పెడతానంది. తలుపు మూసుకోగానే కేబినెట్ విప్పి ఆ నల్లటి కవచం మీద వేలు పెట్టాను. వేడిగా లేదు. దానికే భయమేసింది. పక్కనున్న భాగాలు వేలు పెట్టలేనంతగా కాలుతుంటే ఇది ఎందుకు చల్లగా ఉంది? గోటితో కొట్టి చూశాను. టక్ మంది. లోహం కాదు, ప్లాస్టిక్. ప్రాసెసర్‌కి కరెంటు సర్దే భాగం వేడిని పీల్చాల్సిన చోట, కంపెనీవాళ్ళు అందం కోసం ఒక మూత పెట్టారు. ఏసీలో, ఫ్యాను కింద నడిచిపోయింది. పరుపులు కప్పిన మే నెలలో నడవలేదు. ఆ భాగం కాలిపోకుండా కాపాడుకోవడానికి కంప్యూటర్ తనే వేగం తగ్గించుకుంది. ఆ గదిలో వివేకంగా ప్రవర్తించింది అదొక్కటే.

రికార్డింగ్‌లో ఫ్యాన్లు ఆపుతారని ఇరవై ఏళ్ళ అనుభవమున్న నాకు తట్టలేదు. ఫ్యాను వేసి పరీక్షించాను. ఇంతకంటే సులువుగా చెప్పలేను.

మెల్లగా గోడ వైపు తిరిగాను.

"శెట్టిగారూ, ఆ సంచిలో..."

"అదేనండి," అన్నారు ఆయన, సంచి తెరుస్తూ. "బరువు చూస్తారా?"

చూశాను. డేగని ఊడదీసి, రెండు చేతుల్లో రెండూ పెట్టుకుని, కళ్ళు సగం మూసి మరీ చూశాను. ఆ తేడా చిన్నపిల్లకైనా తెలుస్తుంది. బీఎస్సీ ఫిజిక్స్‌కి తెలియడానికి ఆరు రోజులు పట్టింది.

తరవాతి యాభై నిమిషాలు నా వృత్తి జీవితంలోకెల్లా గొప్పవి. అప్పుడు అలా అనిపించలేదు. మరలన్నీ టిఫిన్ ప్లేట్లో పోశాం. శెట్టిగారు ఫోను టార్చి పట్టుకున్నారు. భాయ్ ఒక్కో వైరుకీ కాగితం ముక్క చుట్టి పేరు రాశారు. ఒక మర పరుపు కిందికి దొర్లింది, ముగ్గురం దండం పెడుతున్నట్టు వంగి వెతికాం. బిగించి మీట నొక్కితే తెర నల్లగానే ఉంది. పది సెకన్లు. ఇరవై. భాయ్ పెదవులు కదులుతున్నాయి, ఏ ప్రార్థనో నేను అడగలేదు, నాకు తెలిసినవి నేనూ చదువుతున్నాను. ర్యామ్ తీసి, తుడిచి, మళ్ళీ గట్టిగా నొక్కాను. వెలుగు వచ్చింది! ముగ్గురం శబ్దం లేకుండా అరిచాం. వేగం ఈసారి ఒక మెట్టు తక్కువే పెట్టాను. ఫ్యాను ఆపి, తలుపు మూసి, పది నిమిషాలు పూర్తి భారం వేసి, ఆ బూడిదరంగు దిమ్మ మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాను. జ్వరం తగ్గుతున్న పిల్లాడి నుదురులా ఉంది. వెచ్చగా. అంతే.

గురువుగారు పైకి వచ్చి, కిరీటం ఒళ్ళో పెట్టుకుని, గొంతు సవరించుకున్నారు.

"ఊ. రెండో పద్యం."

నేను భాయ్‌ని మోచేత్తో పొడిచాను. ఆయన తల అడ్డంగా ఊపి, నా చెవిలో, "వచ్చిందని చెప్పేసా సార్. ఇప్పుడు రాలేదంటే లేచి వెళ్ళిపోతారండి, నాకు తెల్సు," అన్నారు. ఆ పద్యమే ఆయన పేరు. చందర్లపాడులో ఆయన్ని పిలిచేదే ఆ పద్యం పేరుతో. మిగతా ఏడూ ఉండి అది లేకపోతే, ముఖం లేని ఫొటోలాంటిది.

అప్పుడు గుమ్మంలోంచి వినబడింది.

"వన్స్ మోర్!"

భాయ్ భార్య. మా ముఖాలు చూసి సంగతి పట్టేసినట్టుంది, చేతిలో సేమ్యా గిన్నె అలాగే ఉంది. పద్యనాటకం ఆడే ఊళ్ళలో ఆ రెండు మాటలకు ఎంత అధికారమో తెలిసినవాళ్ళకు తెలుసు. జనం వన్స్ మోర్ అంటే, చచ్చిపోయిన పాత్ర కూడా లేచి పద్యం పాడి మళ్ళీ పడుకోవాల్సిందే.

గురువుగారు నెమ్మదిగా తల తిప్పారు. "ఏవమ్మా, పాడి గంటయింది. ఇప్పుడా వన్స్ మోరు?"

"సేమ్యా కలుపుతున్నానండి గురువుగారూ. చేతులు ఖాళీ లేక ఇందాక అడగలా."

"వన్స్ మోర్!" అని శెట్టిగారు సంచి వదిలేసి లేచారు. రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశారు. నాలుగు తరాల స్టీలు వ్యాపారంలో అంత గట్టి ఈల ఉంటుందని నాకు తెలియదు. నేను చప్పట్లు కొట్టాను. భాయ్ మూలనున్న హార్మోనియం లాక్కుని శ్రుతి పట్టేశారు.

ముసలాయన నలుగురినీ ఒకసారి కలయజూశారు. మీసం కదిలింది.

"నేల టికెట్టోళ్ళు అడిగారు. కాదంటే బాగోదు," అని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు.

నాలుగో పాదం వచ్చేసరికి నేను కళ్ళు మూసుకున్నాను. రాగం లేచింది, మొదటిసారి ఆగిన శిఖరం దాటి ఇంకొక మెట్టు పైకి వెళ్ళింది. వినబడాల్సిన చిటపట వినబడలేదు. అది వినబడకపోవడమంత మధురమైన శబ్దం నేను మళ్ళీ వినలేదు. ఆ గంటలో ఎనిమిది పద్యాలూ పూర్తయ్యాయి. శెట్టిగారి బెజవాడ ప్రయాణం రద్దయింది. డేగ మాతోనే జగ్గయ్యపేట వచ్చింది.

గురువారం ఆపరేషను బాగా జరిగింది. మాట వచ్చింది. పాట రాలేదు. డాక్టరు ఆ రెంటినీ వేరు చేసి చెప్పడంలో నిజాయితీపరుడే.

నెలన్నర తరవాత భాయ్ కబురు పెడితే నేను, శెట్టిగారు నందిగామ వెళ్ళాం. గురువుగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు, కాటుక లేదు, కిరీటం లేదు. గొంతు ఎండుటాకు మీద నడిచినట్టుంది. భాయ్ మొదటి పద్యం వినిపించారు. ఒక్క మచ్చ లేని శబ్దం. ఆయన చివరిదాకా విన్నారు.

"బాగుంది. ఇంకోటి ఉండాలిగా, పెట్టు."

"ఇంకోటంటే..."

"మొదట పాడింది. చిటపటలున్నది."



"మీకు తెలుసాండి?" అన్నాను.

"హెడ్‌ఫోన్లు పెట్టింది నా చెవులకే కదండీ," అన్నారు ఆయన, ఎంతో మర్యాదగా.

ముగ్గురం కలిసి, శ్రమపడి, ఆ గదిలో అందరికంటే ముందు విన్న మనిషి దగ్గర ఆ సంగతి దాచాం. ఇలాంటి ఆలోచన ఒక్కరికే వస్తే పొరపాటు. ముగ్గురికీ రావడానికి అనుభవం కావాలి.

"మరి అడగలేదేవండి గురువుగారూ?" అన్నారు భాయ్ తల వంచుకుని.

"ఏం అడగన్రా? యాభై ఏళ్ళు ఏ మైకుసెట్టు ముందు పాడినా, రాగం మంచి పట్టు మీదున్నప్పుడే చిటపటలాడేది. ఆ రోజు వినబడగానే, హమ్మయ్య, స్టేజీ మీదే ఉన్నాననుకున్నా. పెట్టు."

భాయ్ చెరిపేయలేదు. చెరిపేసి ఉంటారని నేను అనుకున్నాను. వెతికి పెట్టారు. రాగం లేచింది, ఆవాలు పేలాయి, ముసలాయన చెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది. గోతాల వైపు చూస్తున్నారు. మళ్ళీ అక్కడ మూడువేల మంది ఉన్నారు.

పద్యం అయిపోయింది. చెయ్యి కిందికి దిగింది. తరవాత, ఆ ఎండుటాకు గొంతుతో, గుమ్మం దాకా కూడా వినబడనంత మెల్లగా అన్నారు.

"వన్స్ మోర్."

భాయ్ మళ్ళీ మొదటినుంచి పెట్టారు. శెట్టిగారు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఎటు చూడాలో తెలియక నేను కేబినెట్‌లోకి చెయ్యి పెట్టి ఆ బూడిదరంగు దిమ్మని తాకి చూశాను. వెచ్చగా ఉంది. అంతే.